మా అబ్బాయి ఫ్రాటర్నిటీలో చేరతానంటున్నాడు, ఒప్పుకోమంటారా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ. అబ్బాయి టెక్సాస్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీలో ఫ్రెష్‌మన్, అంటే మొదటి ఏడాది. ఒక ఫ్రాటర్నిటీ (గ్రీకు అక్షరాల పేరుతో నడిచే కాలేజీ మగపిల్లల సంఘం) వాళ్లు బిడ్, అంటే చేరమని పిలుపు, ఇచ్చారు, అతను మంచి ఊపు మీద ఉన్నాడు, మీవారు ససేమిరా అంటున్నారు, మధ్యలో మీరు నలిగిపోతున్నారు. తాగుడు గొడవలు ఎలాగూ వింటూనే ఉన్నాం, అవి కాకుండా ఈ బ్రదర్‌హుడ్ అనేది నిజంగా ఉంటుందా, ఉద్యోగాలకి పనికొస్తుందా, రేపు పెళ్లయి పిల్లలు పుట్టాక ఏమన్నా మిగులుతుందా అని అడిగారు.

నేను 2000ల మొదట్లో టెక్సాస్‌లోనే చదివాను. నాన్న హెచ్-1బి మీద వస్తే, గుంటూరులో ఎనిమిదో తరగతి పూర్తిచేసి వెనకాల వచ్చినవాణ్ని. దాదాపు ఎనభై మంది ఉన్న చాప్టర్‌లో, అంటే మా క్యాంపస్ శాఖలో, మన మొహాలు రెండే. సభ్యులు కలిసి ఉండే హౌస్‌లో ఉన్నాను, ఒక ఏడాది ట్రెజరర్‌గా చేశాను. ఇప్పుడు డాలస్ దగ్గర ఒక బ్యాంకులో వ్యాపారస్తులకిచ్చే లోన్లు చూస్తుంటాను, ఇద్దరు పిల్లలు. ఫ్రాటర్నిటీ పేరూ యూనివర్సిటీ పేరూ చెప్పను, ఆ పేరున్న చాప్టర్లు దేశమంతా ఉన్నాయి, నా మాటలు పట్టుకుని ఎవరూ దేన్నీ తూచకూడదు.

సూటిగా చెప్పాలంటే, ఫ్రాటర్నిటీ మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న వదిలేయండి, దానికి జవాబు లేదు. ఆ క్యాంపస్‌లో, ఈ ఏడాది, ఆ చాప్టర్‌ని నడుపుతున్న పాతికమంది కుర్రాళ్లు ఎలాంటివాళ్లు అన్నదే అసలు ప్రశ్న. ఒకే పేరుతో ఉన్న చాప్టర్ ఒక ఊళ్లో మూతపడుతుంది, ఇంకో ఊళ్లో పద్ధతిగా నడుస్తుంటుంది. అదే చాప్టర్ మూడేళ్లలో అటుదిటు కావడం కూడా చూశాను, ఎందుకంటే నాలుగేళ్లకోసారి మనుషులంతా మారిపోతారు. పిల్లల్ని చేర్చేటప్పుడు మనం కాలేజీ పేరు చూసినట్టు ఇక్కడ పేరు చూస్తే సరిపోదు.

మనవాళ్లలో ఒక అపోహ ఉంది, ముందు దాని సంగతి చెప్తాను. "తెల్లవాళ్ల ఫ్రాటర్నిటీ అయితే భయం, మన ఇండియన్ పిల్లలదైతే ఫర్వాలేదు" అంటారు. ఈ గ్రీకు అక్షరాల సొసైటీలు మొదలైంది 1776లో, విలియం అండ్ మేరీ కాలేజీలో, ఫై బీటా కప్పాతో. అదిప్పుడు చదువులో ముందున్నవాళ్లకిచ్చే గౌరవంగా మిగిలింది. ఇవాళ మనం చూసే తరహావి 1825 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో మొదలయ్యాయి. చాలాకాలం వాటిలోకి నల్లవాళ్లనీ యూదులనీ రానిచ్చేవాళ్లు కాదు, అందుకే వాళ్లు తమవి తాము పెట్టుకున్నారు. 1906లో కార్నెల్‌లో పుట్టిన ఆల్ఫా ఫై ఆల్ఫాలోనే తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ సభ్యుడయ్యాడు. కమలా హ్యారిస్ గురించి మాట్లాడుకున్నప్పుడు మనవాళ్లు వాళ్లమ్మగారి చెన్నై దగ్గరే ఆగిపోతారు గానీ, ఆమె సభ్యురాలైన, 1908లో హోవర్డ్‌లో మొదలైన ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరారిటీ (ఆడపిల్లల ఫ్రాటర్నిటీ లాంటిది) ఆడవాళ్లు ఆమె వెనక ఎలా నిలబడ్డారో చూసినవాళ్లకి ఈ బంధం కాలేజీతో అయిపోయేది కాదని తెలుస్తుంది. మన దక్షిణాసియా పిల్లలవి 1990లలో వచ్చాయి: 1994లో బింగమ్టన్‌లో అయోటా న్యూ డెల్టా, 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో, 1998లో మన ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై. వీటిలో చాలావాటికి హౌస్ ఉండదు, ఖర్చు తక్కువ, డాన్స్ పోటీలు, దీపావళి ఫంక్షన్లు, సేవా కార్యక్రమాలు ఎక్కువ. నాకు తెలిసిన చక్కటి పిల్లలు వాటిలోంచి వచ్చారు.

కానీ రంగు ఒకటే అయినంత మాత్రాన భద్రత రాదు. 2013 డిసెంబర్‌లో న్యూయార్క్ బరూక్ కాలేజీలో మొదటి ఏడాది చదువుతున్న మైకేల్ డెంగ్ అనే అబ్బాయి చనిపోయింది పై డెల్టా సై అనే ఆసియన్-అమెరికన్ ఫ్రాటర్నిటీ ప్లెడ్జింగ్‌లోనే, అంటే పూర్తి సభ్యుణ్ని చేసుకునే ముందు పరీక్షించే రోజుల్లోనే. పెన్సిల్వేనియా కొండల్లో ఇల్లు అద్దెకు తీసుకుని, కళ్లకి గంతలు కట్టి, వీపు మీద బరువు మోయిస్తూ ఒకరి తర్వాత ఒకరు తోసేసే ఆట. ఆసియా వాళ్లు అమెరికాలో పడే కష్టాలకి అది గుర్తట! స్పృహ తప్పాక కూడా వెంటనే అంబులెన్స్‌ని పిలవలేదు. 2018లో కోర్టు ఆ ఫ్రాటర్నిటీని ఆ రాష్ట్రంలో పదేళ్లు నిషేధించింది. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలో టిమోతీ పియాజ్జా అనే అబ్బాయి, ఫ్రాటర్నిటీ హౌస్‌లో బాగా తాగించిన రాత్రి మెట్ల మీంచి పడ్డాడు, తర్వాత చనిపోయాడు. 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ వెళ్లేసరికి దాదాపు పన్నెండు గంటలయింది. అంతసేపూ హౌస్ నిండా జనమే, కెమెరాల్లో అంతా రికార్డయింది.

ఈ రెండు కేసులూ ఎత్తింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. బ్రదర్‌హుడ్ అంటే ఏమిటో నాకు అర్థమైనంతవరకు ఇక్కడే తేలిపోతుంది. ఒకడికి ఆపదొస్తే తలుపు తీసి బయటివాళ్లని పిలిచే గుంపు ఒకటి, తలుపేసుకుని "ముందు మన పేరు కాపాడుకుందాం" అనే గుంపు ఇంకొకటి. రెండూ ఒకే పాట పాడతాయి, ఒకే టీషర్టు వేసుకుంటాయి, కొత్తవాళ్లని చూసి ఎంచుకునే రష్ వారంలో రెండూ ఒకేలా నవ్వుతాయి. ఈ తేడా ఇరవై ఏళ్ల వయసులోనే కాదు, నలభైలో కూడా అలాగే ఉంటుంది. అందుకే మీ ఉద్యోగం ప్రశ్నకీ కుటుంబం ప్రశ్నకీ కూడా నేను దీని చుట్టూనే తిరుగుతాను.

ఉద్యోగం సంగతి. అమెరికాలో ఈశాన్య ప్రాంతంలోని ఒక కాలేజీ పూర్వ విద్యార్థుల మీద ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం ఒకటుంది. ఫ్రాటర్నిటీలో చేరినవాళ్లకి జీపీఏ (మార్కుల సగటు) పావు పాయింటు దాకా తగ్గిందనీ, తర్వాత సంపాదన మాత్రం 36 శాతం దాకా పెరిగిందనీ అందులో తేల్చారు. మీ అబ్బాయి కూడా ఇలాంటి లెక్కే ఏదో చూపిస్తాడు చూడండి. అది ఒక్క కాలేజీ లెక్క అని గుర్తుపెట్టుకోండి, పైగా వెళ్లేది ఫైనాన్సు, సేల్సు, లా లాంటి దారుల్లోకి అయితే నలుగురితో పరిచయాలకి విలువ ఎక్కువే ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ చదివే అబ్బాయికి కోడింగ్ ఇంటర్వ్యూలో ఏ బ్రదరూ సాయం చేయలేడు, అక్కడ ఇంటర్న్‌షిప్పూ ప్రాజెక్టులూ ముఖ్యం. మెడిసిన్‌కి వెళ్లాలనుకుంటుంటే మాత్రం జాగ్రత్త, ప్లెడ్జ్ సెమిస్టర్లో ఆర్గానిక్ కెమిస్ట్రీ పెట్టుకోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఆ పావు పాయింటే కొంప ముంచుతుంది.

నా మొదటి ఉద్యోగం ఫ్రాటర్నిటీ అలమ్నస్ (పాత సభ్యుడు) ద్వారానే వచ్చింది, దాచను. ఆయన చేసిందల్లా నా రెజ్యూమెని కుప్పలోంచి తీసి పైన పెట్టడం. ఆ తర్వాత ఇంటర్వ్యూలు చేసినవాళ్లకి నా గ్రీకు అక్షరాలతో పనిలేదు, బ్యాలెన్స్ షీట్ చదవగలనా లేదా అని చూశారు. మాంద్యం రోజుల్లో మా టీమ్ మొత్తాన్నీ తీసేసినప్పుడు పాత బ్రదర్స్ చాలామంది ఫోన్ చేశారు, "ఏదన్నా ఉంటే చెప్తా మచ్చా" అన్న ధోరణిలో, కానీ రెండో ఉద్యోగం ఇప్పించింది నా దగ్గర లోన్ తీసుకున్న ఒక పాత క్లయింటు. ఆయనకి ఏ ఫ్రాటర్నిటీ లేదు, టైర్ల షాపులున్నాయి.

నిజంగా పనికొచ్చింది ఎవరూ చెప్పని చోట నుంచి వచ్చింది: ట్రెజరర్ పని. పంతొమ్మిది ఇరవై ఏళ్ల వయసులో, హౌస్ అద్దె, వంటావిడ జీతం, ఇన్సూరెన్సు, పార్టీల బడ్జెట్టు, నేషనల్ ఆఫీసుకి కట్టాల్సిన తలసరి ఫీజు, ఇవన్నీ ఒక ఎక్సెల్ షీట్లో పెట్టుకుని, పొద్దున లేస్తే మొహం చూసే స్నేహితుడి దగ్గరికి వెళ్లి "నీ డ్యూస్ బాకీ ఉన్నాయి, శుక్రవారంలోగా కట్టకపోతే ఫార్మల్ పార్టీకి రావడానికి లేదు" అని చెప్పాలి. వాడు తిడతాడు. వాళ్లమ్మ ఫోన్ చేస్తుంది. వాడి గదిలో కొత్త ప్లేస్టేషన్ కనపడుతుంటుంది. డబ్బు విషయంలో మొహమాటం లేకుండా, స్నేహం చెడకుండా మాట్లాడటం నాకక్కడే వచ్చింది. ఇవాళ నేను బ్యాంకులో చేసేదీ అదే పని, కాకపోతే చొక్కా ఇస్త్రీ చేసుంటుంది. మీ అబ్బాయి చేరితే ఊరికే మెంబర్‌గా ఉండిపోకుండా ఏదో ఒక బాధ్యత తీసుకోమనండి. పార్టీలు చూసుకునే సోషల్ చైర్ పదవి మాత్రం వద్దు, అది ఈవెంట్ మేనేజ్‌మెంటుకి తప్ప దేనికీ పనికిరాదు.

కుటుంబం విషయం కొంచెం వివరంగా చెప్పాలి.

ఎనభై మందిలో నాకు ఇవాళ మిగిలింది ఐదారుగురు. మిగతావాళ్లు వాట్సాప్ గ్రూపులో ఫుట్‌బాల్ రోజు బతుకుతారు, ఆదివారం పొద్దున్నకి మాయమవుతారు. ఆ ఐదారుగురు మాత్రం వేరే. నా పెళ్లికి గుంటూరు దాకా వచ్చారు, మా నాన్నకి డాలస్‌లో బైపాస్ అయినప్పుడు నేను ఆఫీసుకి వెళ్లొచ్చేలోగా ఆయన పక్కన కూర్చున్నారు, నాన్నకి వాళ్ల ఇంగ్లిష్ సగమే అర్థమయ్యేది, వాళ్లకి ఆయనది అసలు అర్థమయ్యేది కాదు, అయినా ఇద్దరూ కలిసి బేస్‌బాల్ చూసేవాళ్లు. మా ఆవిడ వరంగల్ అమ్మాయి, పెళ్లయిన కొత్తలో ఈ గోలంతా ఆవిడకి వింతగా ఉండేది. ప్రతి అక్టోబర్లో హోమ్‌కమింగ్ (పాత విద్యార్థులు కాలేజీకి తిరిగొచ్చే వేడుక), ఎవడిదో బ్యాచిలర్ పార్టీ, ఇంకెవడిదో పుట్టినరోజుకి వేగస్. "మీ వాళ్లకి పెళ్లాలుండరా?" అని అడిగేది. ఉంటారు, వాళ్లూ అదే అడుగుతుంటారు. పిల్లలు పుట్టాక ఆ ప్రయాణాలు వాటంతటవే తగ్గిపోయాయి, ఎవరూ త్యాగాలేమీ చేయలేదు, నిద్రే లేకపోతే వేగస్ ఎక్కడ.

అసలు పరీక్ష వేరే వచ్చింది. మా ప్లెడ్జ్ క్లాసులోనే ఒకడు, కాలేజీలో అందరికంటే ఎక్కువ తాగగలడని పేరు, ఆ పేరు మేమే పెట్టాం, ముద్దుగా. ముప్ఫై దాటినా ఆ తాగుడు అలాగే ఉంది. గ్రూపులో అది జోకే. ఒకరోజు వాడి భార్య నాకు ఫోన్ చేసింది, పిల్లని కార్లో ఎక్కించుకుని తాగి నడిపాడని. వాళ్లాయన స్నేహితుల్లో నేను తాగను కాబట్టి, నాకు చెప్తే నవ్వి ఊరుకోనని అనుకుందట. నేను ఈ సంగతి దగ్గరివాళ్లకి చెప్తే సగంమంది అన్నమాట ఏమిటంటే, "అది వాడి ఇంటి విషయం, మనం వాడి పక్షాన ఉండాలి, వాడు కస్టడీ పోగొట్టుకుంటే?" వాడి పక్షాన ఉండటమంటే వాడి తాగుడి పక్షాన ఉండటం అని వాళ్ల ఉద్దేశం కాదు గానీ, చివరికి తేలేది అదే. నేనూ ఇంకొకడూ వెళ్లి వాణ్ని కూర్చోబెట్టి మాట్లాడాం, రీహాబ్‌లో చేర్పించాం, ఆ అమ్మాయి లాయర్ని పెట్టుకుంటే ఆమె చెప్పినవి నిజమేనని కూడా చెప్పాం. ఆ దెబ్బకి గ్రూపు రెండయింది, ఇప్పటికీ కొందరు నాతో మాట్లాడరు. వాడు మాత్రం మాట్లాడతాడు. తాగడం మానేశాడు, పిల్ల స్కూలు ఆటలకి వెళ్తుంటాడు.

మెట్ల కింద పడ్డవాడి చుట్టూ పన్నెండు గంటలు తిరిగిన కుర్రాళ్లనీ, "అది వాడి ఇంటి విషయం" అన్న నలభై ఏళ్లవాళ్లనీ నేను ఒకే వరసలో చూస్తాను. వాళ్లు రాక్షసులేం కాదు, నాతో కలిసి తిన్నవాళ్లే. మన విషయం బయటికి పోకూడదు అనేది పద్దెనిమిదేళ్లప్పుడు ఒంటికి పట్టించుకుంటే, పెళ్లాం ఫోన్ చేసినా, ఆఫీసులో ఆడిటర్ అడిగినా అదే బయటికొస్తుంది. మనవాళ్లకిది కొత్త కూడా కాదు. కులమో ఊరో ఒకటైతే తప్పు కప్పిపెట్టడం మనకి తెలీదా? ఇక్కడి తెలుగు సంఘాల్లో ఒకరి గొడవ బయటపడగానే జనం ఎలా జట్లు కడతారో మీరూ చూసే ఉంటారు.

ఇంకో సంగతి, దారి మళ్లినా చెప్పేస్తాను. ఎమ్మెస్‌కి వచ్చే పిల్లలు కూడా అప్పుడప్పుడు ఈ ఫ్రాటర్నిటీల గురించి అడుగుతుంటారు. అవి దాదాపుగా బ్యాచిలర్స్ చదివేవాళ్లకే, మీకు అక్కర్లేదు కూడా. మా బావమరిది అర్లింగ్టన్‌లో చదివినప్పుడు డబుల్ బెడ్రూమ్ అపార్ట్‌మెంట్లో ఆరుగురుండేవాళ్లు, వంట వంతులు, ఒకే పాత కరోలా, ఒకడికి ఓపీటీ (చదువయ్యాక ఉద్యోగం చేసుకునే అనుమతి) టెన్షన్ వస్తే ఆరుగురికీ నిద్ర లేదు. గ్రీకు అక్షరాలు లేవన్నమాటే గానీ అది ఫ్రాటర్నిటీయే. కలిసి వండుకుని, కలిసి బిల్లులు కట్టుకుని, ఒకడి కష్టం ఇంకొకడు మోస్తేనే ఆ దగ్గరితనం వస్తుంది. కళ్లకి గంతలు కడితే వస్తుందని చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడు, లేదా వాడికి అలా చేస్తే ఊరుకున్నాడు కాబట్టి ఇప్పుడు దాన్ని గొప్పగా చెప్పుకుంటున్నాడు. రెండోరకం వాళ్లే ఎక్కువ.

ఇక మీవారి సంగతి. ఆయన ఇంజినీరింగ్ హాస్టల్లో ర్యాగింగ్ చూసినవాళ్లయితే ఆయన భయం సరైనదే. మన దగ్గర 1997లో రాష్ట్ర చట్టం వచ్చిందాకా అదొక సరదాగానే చెలామణి అయింది. కానీ ఒక తేడా ఉంది. అక్కడ సీటొచ్చిన ప్రతివాడూ పడాల్సిందే, ఇక్కడ డబ్బు కట్టి మన కాళ్లతో మనం వెళ్తాం. ఇష్టపడి వెళ్లాడు కాబట్టి తప్పులేదు అనుకుంటారు, టెక్సాస్ చట్టం అలా అనుకోదు. పిల్లాడు ఒప్పుకున్నా హేజింగ్, అంటే చేర్చుకునే పేరుతో కొత్తవాళ్లని హింసపెట్టడం, నేరమే. కళ్లారా చూసి కూడా తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమే, ఇది మీ అబ్బాయి చేత ఒకసారి చదివించండి, మూడో ఏడాదికి వచ్చేసరికి తను చూసేవాడి స్థానంలో ఉంటాడు. 21 నిండకుండా తాగినవాడైనా సరే, స్నేహితుడు లేవట్లేదని ముందుగా 911కి ఫోన్ చేసి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకి సహకరిస్తే మైనర్ తాగుడు కేసు నుంచి చట్టం కాపాడుతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఫోన్లు ఆగిపోతాయి.

చాప్టర్ ఎలాంటిదో తెలుసుకోవడం ఇదివరకటంత కష్టం కాదు. యూనివర్సిటీలు ఏ గ్రూపు మీద హేజింగ్ రుజువైందో వెబ్‌సైట్‌లో పెట్టాలని టెక్సాస్ 2019లోనే చట్టం చేసింది, 2024 డిసెంబర్‌లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఆ పేజీ తెరిచి మీ అబ్బాయి చెప్పిన పేరు వెతకండి. ఒకసారి పేరుంటే నేను వెంటనే వద్దనను, ఎప్పటిదో, ఏం చేశారో చూస్తాను. అదే పేరు మళ్లీ మళ్లీ కనపడితే ఇక మాట్లాడేదేం లేదు. ప్లెడ్జ్‌కి ఎన్ని వారాలు, ఏ రోజు ఏం చేయిస్తారు అన్న షెడ్యూల్ అడగమనండి. "ఇంట్లో చెప్పకూడదు" అని అన్నారంటే బిడ్ వెనక్కిచ్చేయొచ్చు. రహస్య కరచాలనం, రహస్య పాట ఉంటే ఉండనివ్వండి, అవి చిన్నపిల్లల ఆటలు. రాత్రి ఎక్కడికి తీసుకెళ్తారన్నది రహస్యం కాకూడదు.

మధ్యలో ఎప్పుడైనా వదిలేసి రావచ్చని, ఇంట్లో ఎవరూ "చెప్పామా" అనరని మీవారి నోటితోనే చెప్పించండి. మీరు చెప్తే అమ్మ కదా అనుకుంటాడు. పిల్లలు చాలామంది తెలిసి తెలిసి అందులో ఉండిపోవడానికి సగం కారణం, నాన్నతో పోట్లాడి చేరాం కదా, ఇప్పుడెలా వెనక్కెళ్తాం అన్న పట్టుదలే.

ఖర్చు గురించి మీరు అడగలేదు గానీ అడగాల్సింది. హౌస్ ఉన్నవాటికి ఏడాదికి వేల డాలర్లలో ఉంటుంది, హౌస్ లేనివాటికి చాలా తక్కువ. ఆ పైన టీషర్టులు, ఫార్మల్, ఆలస్యమైతే ఫైన్లు. మొత్తం ఎంతో కాగితం మీద ఇమ్మనండి. బిడ్‌కి సాధారణంగా కొద్దిరోజులే గడువిస్తారు కాబట్టి ఈ వారాంతంలోనే తేల్చుకోండి. ఇంకోటి, ప్రెసిడెంట్‌తో మాట్లాడతారా అని వాళ్లే అడుగుతారు, అతను బాగా మాట్లాడతాడు కాబట్టే ప్రెసిడెంట్ అయ్యాడు. మీ అబ్బాయిని ట్రెజరర్‌తో ఒక పావుగంట మాట్లాడమనండి. బాకీలు ఎన్ని ఉన్నాయి, పోయినేడు ఇన్సూరెన్సు ఎందుకు పెరిగింది అని అడగమనండి. అతను చెప్పేదాన్ని బట్టి, చెప్పకుండా నసిగేదాన్ని బట్టి, ఆ హౌస్ సంగతి సగం తెలిసిపోతుంది.